మబ్బుల వెనుక నేలను చదవడం: రాడార్ ఉపగ్రహ చిత్రంతో వరద మ్యాప్ తయారుచేసే పద్ధతి

వరద వచ్చిన రోజున ఆకాశం తెరిపి ఇవ్వదు. నీళ్లు ఎంతవరకు వచ్చాయో, ఏ ఊరికి దారి తెగిందో తెలియాల్సిన గంటల్లోనే మామూలు ఉపగ్రహ ఫొటోలో మబ్బు తప్ప ఏమీ కనబడదు. రాడార్ ఉపగ్రహం ఆ మబ్బును దాటి చూస్తుంది, రాత్రి కూడా చూస్తుంది. దాని డేటా ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతోంది. దాన్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. అయినా చాలామంది రెండు రోజులు కుస్తీ పట్టి వదిలేస్తారు. రాడార్ చిత్రాన్ని ఫొటోలా చదవబోవడమే అందుకు కారణం. అది ఫొటో కాదు, నేల నుంచి తిరిగివచ్చిన ప్రతిధ్వని. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతా పని చాలావరకు ఓపికతో అయిపోతుంది.

ఈ మార్గదర్శిలో వరద మ్యాప్‌ను మొదటి నుంచి చివరి వరకు చేద్దాం. అది చేతనైతే అడవి, సముద్రంపై నూనె తెట్టు, కుంగే నేల వంటివాటికి ఇదే దారిలో ఎలా వెళ్లాలో చివర్లో చెబుతాను.

మెట్టు 1: ముందు చిత్రాన్ని చదవడం నేర్చుకోండి

రాడార్ తన వెలుగును తానే తెచ్చుకుంటుంది. మైక్రోవేవ్ తరంగాన్ని నేల మీదికి పంపి, ఎంత బలంగా తిరిగివచ్చిందో కొలుస్తుంది. చిత్రంలో తెలుపు అంటే గట్టి ప్రతిధ్వని, నలుపు అంటే దాదాపు ఏమీ తిరిగిరాలేదని. రంగుతో దానికి పనిలేదు. గరుకుదనం, ఆకారం, తడి, ఈ మూడే దానికి తెలుసు.

ఉపగ్రహం సూటిగా కిందికి చూడదు, ఒక పక్కకు వాలి చూస్తుంది. సూటిగా కిందికి చూస్తే ఎడమ పక్క, కుడి పక్క ఒకే దూరంలో ఉన్న రెండు చోట్ల నుంచి ప్రతిధ్వని ఒకేసారి వస్తుంది, ఏది ఎక్కడిదో తేలదు. ఈ పక్కచూపు వల్లే నీళ్లు మనకు దొరుకుతాయి. నిశ్చలమైన నీటి మీద పడిన తరంగం అద్దం మీద పడిన వెలుగులా అవతలి వైపుకు జారిపోతుంది. ఉపగ్రహానికి తిరిగివచ్చేది శూన్యం. అందుకే చెరువు నల్లగా కనిపిస్తుంది.

దున్నిన పొలం, రాళ్ల నేల తరంగాన్ని అన్ని వైపులకూ చెదరగొడతాయి, కొంత వెనక్కి వస్తుంది. అక్కడ బూడిద రంగు. చెట్ల గుబురులోకి వెళ్లిన తరంగం ఆకులకు, కొమ్మలకు తగిలి తగిలి బయటికి వస్తుంది. భవనం సంగతి వేరు. తరంగం ముందు నేలకు తగిలి, అక్కడి నుంచి గోడకు తగిలి, వచ్చిన దారినే నేరుగా వెనక్కి పోతుంది. దీన్ని డబుల్ బౌన్స్ అంటారు. పట్టణాలు రాడార్ చిత్రంలో తెల్లగా మెరిసేది దీనివల్లే. ఈ డబుల్ బౌన్స్‌ను గుర్తుంచుకోండి, వరద మ్యాప్‌లో మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే.

తడి సంగతి కూడా ఉంది. వాన పడ్డాక అదే పొలం, అదే గరుకుదనంతో, ముందుకంటే తెల్లగా కనిపిస్తుంది. నేలలో తేమ పెరిగితే ప్రతిధ్వని పెరుగుతుంది. నీళ్లు నిలిచేదాకా వస్తే మాత్రం ఒక్కసారిగా నల్లబడుతుంది. తడిస్తే తెలుపు, మునిగితే నలుపు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

తరంగం ఊగే దిశ కూడా ఒకటి ఉంటుంది. నిలువుగా పంపి నిలువుగా అందుకుంటే వీవీ, నిలువుగా పంపి అడ్డంగా అందుకుంటే వీహెచ్. చదునైన నేల, నీరు తరంగం దిశను పెద్దగా మార్చవు. చెట్ల కొమ్మలు మారుస్తాయి. కాబట్టి వీహెచ్‌లో తెల్లగా ఉన్నచోట సాధారణంగా పచ్చదనం ఉంటుంది.

మెట్టు 2: ఏ ఉపగ్రహం, ఏ తరంగం

తరంగం పొడవును బట్టి అది ఎంత లోపలికి పోతుందో ఉంటుంది. దాదాపు 3 సెంటీమీటర్ల ఎక్స్ బ్యాండ్ చెట్టు పై ఆకుల దగ్గరే ఆగిపోతుంది. 5.5 సెంటీమీటర్ల సీ బ్యాండ్ కొంచెం లోపలికి పోతుంది. 24 సెంటీమీటర్ల ఎల్ బ్యాండ్ ఆకులను దాటి పెద్ద కొమ్మల దాకా, కాండాల దాకా వెళ్తుంది. 70 సెంటీమీటర్ల పీ బ్యాండ్ దట్టమైన అడవిలోనూ మాను దాకా చేరుతుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2025 ఏప్రిల్‌లో పంపిన బయోమాస్ ఉపగ్రహం ఈ పీ బ్యాండ్‌తోనే అడవుల బరువును అంచనా వేస్తుంది.

మనం వాడబోయేది సెంటినెల్-1, ఐరోపా వాళ్ల సీ బ్యాండ్ రాడార్ ఉపగ్రహాల వరస. మొదటిది 2014 ఏప్రిల్‌లో, రెండోది 2016 ఏప్రిల్‌లో వెళ్లాయి. రెండోది 2021 డిసెంబరులో విద్యుత్ సమస్యతో ఆగిపోయింది. ఆ తర్వాత 2024 డిసెంబరులో 1సీ, 2025 నవంబరులో 1డీ వెళ్లాయి. ఇవి దాదాపు 693 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ఒక్కో ఉపగ్రహం 12 రోజులకు ఒకసారి సరిగ్గా అదే దారికి తిరిగివస్తుంది. నేల మీద మామూలుగా వాడే ఐడబ్ల్యూ అనే మోడ్‌లో ఒకేసారి 250 కిలోమీటర్ల వెడల్పు పట్టీని చూస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పకుండా ముందుకు పోలేను. సెంటినెల్-1 యాంటెన్నా పొడవు 12.3 మీటర్లు. అంత యాంటెన్నాతో, పక్కచూపులో 850 కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే నేల మీద ఒక్కో చుక్క దాదాపు 4 కిలోమీటర్లు ఉంటుంది. అంత ముతక చిత్రంలో చిన్న చెరువుకు చోటే లేదు. కానీ ఉపగ్రహం కదులుతూ అదే చోటును ఎన్నోసార్లు తాకుతుంది. ఆ ప్రతిధ్వనులన్నిటినీ డాప్లర్ తేడాలతో (ఉపగ్రహం కదలిక వల్ల తరంగపు పౌనఃపున్యంలో వచ్చే మార్పులతో) కలిపి లెక్కిస్తే, కిలోమీటరుకు పైగా పొడవైన యాంటెన్నాతో చూసినంత స్పష్టత వస్తుంది. సింథటిక్ అపర్చర్ రాడార్ అన్న పేరు అందుకే వచ్చింది. ఈ ఆలోచనను 1951లో కార్ల్ వైలీ అనే ఇంజినీరు ముందుకు తెచ్చాడు. పౌర అవసరాలకు అంతరిక్షం నుంచి మొదట పనిచేసింది 1978లో నాసా పంపిన సీశాట్. అది మూడున్నర నెలలకే ఆగిపోయినా, సముద్రాన్ని చూడటానికి పంపిన ఆ రాడార్ నేలను కూడా ఎంత బాగా చూడగలదో చూపించి వెళ్లింది.

మెట్టు 3: చిత్రాలను ఎంచుకోవడం

సాధన కోసం ఒక నిజమైన ఘటన తీసుకుందాం. 2019 మార్చి 14 రాత్రి ఇడాయ్ తుపాను మొజాంబిక్‌లోని బేరా నగరం దగ్గర తీరం దాటింది. పుంగ్వే, బూజీ నదులు పొంగి మైదానమంతా సముద్రంలా మారింది. మార్చి 19న సెంటినెల్-1 తీసిన చిత్రంలో ఆ ముంపు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నేల చదునుగా ఉండటం, ముంపు పెద్దదిగా ఉండటం వల్ల మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కోపర్నికస్ డేటా స్పేస్ వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరవండి. అలాస్కా శాటిలైట్ ఫెసిలిటీ దగ్గర కూడా ఇదే డేటా ఉంటుంది, నాసా ఎర్త్‌డేటా ఖాతాతో దించుకోవచ్చు. బేరా చుట్టూ పెట్టె గీసి, సెంటినెల్-1, ఐడబ్ల్యూ మోడ్, జీఆర్‌డీ రకం అని వెతకండి. జీఆర్‌డీలో ప్రతిధ్వని బలం మాత్రమే ఉంటుంది, 10 మీటర్ల పిక్సెళ్లుగా వస్తుంది. ఎస్‌ఎల్‌సీ అనే ఇంకో రకంలో తరంగపు దశ (తిరిగివచ్చేసరికి అల తన ఊపులో ఏ స్థానంలో ఉందన్నది) కూడా ఉంటుంది. ఫైలు చాలా పెద్దది, వరదకు దానితో పనిలేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మీకు రెండు చిత్రాలు కావాలి: ఒకటి ముంపులో, ఒకటి తుపానుకు ముందు. రెండూ ఒకే దారివి కావాలి. ఫైలు వివరాల్లో రిలేటివ్ ఆర్బిట్ నంబర్ అని 1 నుంచి 175 లోపు ఒక సంఖ్య ఉంటుంది. రెండు చిత్రాల్లో అది ఒకటే అయి ఉండాలి. అసెండింగ్ (ఉత్తరం వైపు వెళ్తూ తీసినది), డిసెండింగ్ (దక్షిణం వైపు వెళ్తూ తీసినది) అనే దిశ కూడా ఒకటే కావాలి. వేరే దారి నుంచి చూస్తే కోణం మారుతుంది, కోణం మారితే ఏమీ జరగని నేల కూడా వేరే రంగులో కనిపిస్తుంది. అప్పుడు మీరు కొలిచేది వరదను కాదు, చూసిన కోణంలో తేడాను. ఈ పనిలో ఒక్క సలహాకే చోటుందంటే నేను ఇదే ఇస్తాను.

ముందటి చిత్రం ఒకటి చాలు. ఓపిక ఉంటే అదే దారివి మూడు నాలుగు తీసుకుని సగటు చేస్తే ఇంకా మంచిది. ఆ రోజుల్లో వేరే వాన పడలేదని మాత్రం చూసుకోండి.

మెట్టు 4: చిత్రాన్ని శుభ్రం చేయడం

ఐరోపా అంతరిక్ష సంస్థ ఉచితంగా ఇచ్చే స్నాప్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. కంప్యూటర్‌కు 16 జీబీ మెమరీ ఉంటే పని సాఫీగా సాగుతుంది. దించుకున్న జిప్ ఫైలును విప్పకుండానే స్నాప్‌లో తెరవవచ్చు.

తెరవగానే చిత్రం తలకిందులుగానో, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారినట్టో కనిపిస్తుంది. టెన్షన్ పడకండి. ఉపగ్రహం చూసిన వరసలోనే పిక్సెళ్లు పేర్చి ఉంటాయి. అసెండింగ్ చిత్రం తలకిందులుగా, డిసెండింగ్ చిత్రం కుడి ఎడమలు మారి వస్తుంది. చివర్లో దానంతట అదే సర్దుకుంటుంది.

రాడార్ మెనూలో వరసగా ఇవి చేయండి.

మొదట అప్లై ఆర్బిట్ ఫైల్. ఆ క్షణంలో ఉపగ్రహం ఎక్కడ ఉందో చెప్పే కచ్చితమైన లెక్కలు కొన్ని రోజుల తర్వాతే వస్తాయి. వాటిని చిత్రానికి జోడించే పని ఇది.

తర్వాత సబ్‌సెట్‌తో మీకు కావలసినంత మేర కత్తిరించుకోండి. చిత్రం మొత్తంతో పనిచేస్తే ప్రతి మెట్టుకూ గంటలు పడుతుంది.

థర్మల్ నాయిస్ రిమూవల్ మానేయవద్దు. యంత్రపు సొంత రొద నల్లటి చోట్లలోనే బయటపడుతుంది, మనం వెతికేదీ నల్లటి చోట్లనే. వీహెచ్ చిత్రంలో నిలువు చారలు కనబడితే అవి ఇవే.

క్యాలిబ్రేషన్‌లో సిగ్మా నాట్ ఎంచుకోండి. ఫైలులో ఉన్న ముడి సంఖ్యలను నేల నిజంగా తిప్పిపంపిన శక్తిగా మార్చేది ఇదే. ఇది చేయకుండా రెండు తేదీలను పోల్చితే ఆ పోలికకు విలువ లేదు.

ఇక స్పెకిల్. రాడార్ చిత్రం దగ్గరగా చూస్తే ఉప్పూ మిరియాలూ చల్లినట్టు ఉంటుంది. కెమెరా పాడైందనుకుంటారు చాలామంది. ఒక్క పిక్సెల్‌లో ఎన్నో ఆకులు, రాళ్లు, మట్టిగడ్డలు ఉంటాయి. వాటి నుంచి వచ్చే తరంగాలు కొన్నిచోట్ల కలిసి బలపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒకేలాంటి పొలంలో పక్కపక్క పిక్సెళ్లు ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా రావడానికి కారణం ఇదే. రిఫైన్డ్ లీ అనే ఫిల్టర్ వాడితే అంచులు చెరగకుండా ఈ మచ్చలు తగ్గుతాయి. లీ సిగ్మా వాడితే 5×5 లేదా 7×7 కిటికీ చాలు. ఇంకా పెద్ద కిటికీ పెడితే చిత్రం చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ సన్నటి కాలువలు మాయమైపోతాయి.

ఆ తర్వాత రేంజ్-డాప్లర్ టెర్రెయిన్ కరెక్షన్. పక్కచూపు వల్ల కొండ శిఖరం ఉపగ్రహం వైపు వాలినట్టు కనిపిస్తుంది, ఒక్కోసారి శిఖరమే పాదం కంటే ముందు వచ్చి కూర్చుంటుంది. కొండ వెనుక నీడ పడుతుంది. ఎత్తుల మ్యాప్ సాయంతో ప్రతి పిక్సెల్‌నూ దాని సొంత చోటికి చేర్చేది ఈ మెట్టు. ఎత్తుల మ్యాప్‌గా 30 మీటర్ల కోపర్నికస్ డెమ్ ఎంచుకోండి, పిక్సెల్ 10 మీటర్లు, ప్రొజెక్షన్ యూటీఎం (డిగ్రీల్లో కాకుండా మీటర్లలో కొలిచేది). ఎత్తు వివరం లేని చోట్లను తీసివేయమనే గడి ఒకటి ముందే టిక్ అయి ఉంటుంది. బేరా లాంటి తీరప్రాంతంలో ఆ టిక్ తీసేయండి, లేకపోతే సముద్రమూ నదీముఖమూ చిత్రంలోంచి కత్తిరించుకుపోతాయి.

చివరిగా డెసిబెల్స్‌లోకి మార్చండి. శక్తి పదిరెట్లు పెరిగితే 10 డెసిబెల్స్ పెరుగుతుంది, సగమైతే 3 తగ్గుతుంది. ఇక్కడ ఒక గుంట ఉంది, చూసి దాటండి. సగటులు ఎప్పుడూ డెసిబెల్స్‌లో తీయకూడదు. -10, -20 అనే రెండు విలువల సగటు -15 అనిపిస్తుంది. వాటి అసలు శక్తులు 0.1, 0.01. సగటు 0.055. అంటే -12.6 డెసిబెల్స్. తేడా రెండున్నర డెసిబెల్స్ దాకా ఉంది, వరద గీతను జరిపేయడానికి ఇది చాలు. ముందటి చిత్రాలను సగటు చేసేవాళ్లు డెసిబెల్స్‌లోకి మార్చకముందే చేయండి.

ఈ వరసను గ్రాఫ్ బిల్డర్‌లో ఒకసారి పేర్చుకుని దాచుకుంటే, రెండో చిత్రానికి బ్యాచ్ ప్రాసెసింగ్‌తో ఒక్క నొక్కుతో అయిపోతుంది. రెండు చిత్రాలకూ అచ్చంగా అవే సెట్టింగులు పడతాయి, అదీ ముఖ్యం.

కంప్యూటర్ తట్టుకోలేకపోతే గూగుల్ ఎర్త్ ఇంజిన్ ఉంది. వ్యాపారేతర వాడకానికి ఉచితం. అక్కడి సెంటినెల్-1 చిత్రాలకు రొద తీయడం, క్యాలిబ్రేషన్, టెర్రెయిన్ కరెక్షన్ ముందే అయిపోయి, డెసిబెల్స్‌లో సిద్ధంగా ఉంటాయి. స్పెకిల్ మాత్రం తీసి ఉండదు. నేర్చుకునేటప్పుడు ఒక్కసారైనా స్నాప్‌లో చేసి ఆ తర్వాత ఎర్త్ ఇంజిన్‌కు వెళ్లండి. లోపల ఏం జరిగిందో తెలియకుండా వచ్చిన చిత్రాన్ని అనుమానించడం కష్టం, ఈ పనిలో అనుమానించడం తెలిసి ఉండాలి.

మెట్టు 5: నీటి గీత గీయడం

ముంపు చిత్రం వీవీ బ్యాండ్‌కు హిస్టోగ్రామ్ (ఏ విలువ దగ్గర ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే బొమ్మ) తెరవండి. నీరు, నేల రెండూ సరిపడా ఉంటే రెండు గుట్టలు కనిపిస్తాయి. ఎడమ గుట్ట నీరు, కుడి గుట్ట నేల. మధ్యలో లోయ ఉన్నచోటే గీత. వీవీలో అది తరచుగా -15 నుంచి -18 డెసిబెల్స్ మధ్య వస్తుంది, వీహెచ్‌లో ఇంకా కింద, -20 దాటి ఉంటుంది. ఎవరో వాడిన సంఖ్యను తెచ్చి పెట్టుకోవద్దు. కోణం, గాలి, నేల రకం అన్నీ దాన్ని మారుస్తాయి. మీ చిత్రంలో మీ లోయను మీరే చూడండి. కంటికి నమ్మకం లేకపోతే ఓట్సు పద్ధతి ఉంది. రెండు గుంపులూ ఒకదానికొకటి వీలైనంత ఎడంగా ఉండే గీతను అది లెక్కకట్టి ఇస్తుంది. కత్తిరించిన మేరలో నీరు మరీ తక్కువగా ఉంటే ఎడమ గుట్టే కనబడదు, ఓట్సు తప్పు గీత ఇస్తుంది. అప్పుడు నది, ముంపు సమానంగా ఉన్న చిన్న మేర తీసుకుని గీత తేల్చి, దాన్ని మొత్తానికి వాడండి.

నల్లగా ఉన్నదంతా వరద కాదు. అందుకే రెండో షరతు పెడతాం. ముంపు చిత్రం నుంచి ముందటి చిత్రాన్ని తీసేయండి. ఆ తేడా -3 డెసిబెల్స్ కంటే తక్కువ ఉండాలి, అంటే ప్రతిధ్వని సగానికి పైగా పడిపోయి ఉండాలి. గీత కింద ఉండటం, ఇంత పడిపోవడం, రెండూ నిజమైన పిక్సెళ్లనే ముంపు అనండి. స్నాప్‌లో బ్యాండ్ మ్యాథ్స్‌తో ఈ రెండు షరతులూ ఒక్క వాక్యంలో రాయవచ్చు.

మెట్టు 6: మోసాలను ఏరివేయడం

తొందరపడేవాళ్లు వదిలేసేది ఈ మెట్టునే. మ్యాప్ నమ్మదగిందో కాదో తేలేదీ ఇక్కడే. నేను మొదట చేసిన మ్యాప్‌లో ఒక విమానాశ్రయం రన్‌వే నీటికాలువగా వచ్చింది. ముందటి చిత్రంతో పోల్చకుండా ఒక్క చిత్రం మీదే గీత గీశాను. నున్నటి తారు కూడా అద్దమే కదా. ఆ పొరపాటు తర్వాత నుంచి ఒక్క చిత్రం మీద ఆధారపడి ఏదీ చెప్పలేదు.

పొడి ఇసుక, ఎండిన ఉప్పు మైదానం, తడిమంచు కూడా నల్లగా వస్తాయి. ఇవి ముందటి చిత్రంలోనూ అలాగే ఉంటే తేడా షరతు వాటిని ఆపేస్తుంది. కొండల నీడ ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. ఎత్తుల మ్యాప్ నుంచి వాలు తీసి, 5 డిగ్రీలకు పైబడిన చోట్లను తొలగించండి, నిటారు వాలు మీద వరద నీరు నిలవదు. ఎప్పుడూ నీళ్లుండే నదులు, సరస్సులను విడిగా చూపడానికి ల్యాండ్‌శాట్ చిత్రాల నుంచి 1984 మొదలు తయారుచేసిన గ్లోబల్ సర్ఫేస్ వాటర్ మ్యాప్ వాడండి. విడిగా పడి ఉన్న నాలుగైదు పిక్సెళ్ల ముక్కలు చాలావరకు మిగిలిన స్పెకిల్, తీసేయవచ్చు.

ఇవన్నీ లేని నీటిని చూపే మోసాలు. ఉన్న నీటిని దాచేవి ఇంతకంటే ప్రమాదం, ఎందుకంటే అక్కడ మనుషులు ఉండవచ్చు.

గాలి వీస్తే నీటి మీద అలలు లేస్తాయి, అద్దం గరుకవుతుంది, నీరు నేలలా బూడిద రంగులో కనిపిస్తుంది. మైదానం మధ్యలో ముంపు ఉన్నట్టుండి తెగిపోయినట్టు ఉంటే ఆ రోజు గాలి ఎంత ఉందో చూడండి. అలాంటప్పుడు వీహెచ్ కొంత ఆదుకుంటుంది, అలల ప్రభావం దాని మీద తక్కువ.

నీళ్లలో నిలబడ్డ చెట్లు, పొడవైన గడ్డి నల్లబడవు సరికదా, ముందుకంటే తెల్లబడతాయి. తరంగం నీటికి తగిలి, కాండానికి తగిలి, నేరుగా వెనక్కి వస్తుంది. మొదటి మెట్టులో చెప్పిన డబుల్ బౌన్స్ ఇదే. నదీ తీరాల్లో తేడా చిత్రం ఉన్నట్టుండి 3 డెసిబెల్స్‌కు పైగా పెరిగితే దాన్ని చెట్ల కింది ముంపుగా అనుమానించి వేరే రంగులో చూపండి. ఇలాంటిచోట ఎల్ బ్యాండ్ చాలా మెరుగు, ఆకులను దాటి కింది నీటిని అందుకుంటుంది.

పట్టణం అన్నిటికంటే కష్టం. భవనాల మధ్య నీళ్లు నిలిస్తే నల్లగా మారేందుకు చోటే ఉండదు, గోడల మెరుపు కమ్మేస్తుంది. ఈ పద్ధతితో చేసిన మ్యాప్‌లో పట్టణం పొడిగా కనబడిందంటే అక్కడ నీళ్లు లేవని అర్థం కాదు. ఈ మాట మ్యాప్ కిందే స్పష్టంగా రాయండి. పట్టణం భాగాన్ని విడిగా గీసి, సమాచారం లేదని బూడిద రంగు వేస్తే ఇంకా నిజాయితీగా ఉంటుంది. లేకపోతే సహాయం పంపేవాళ్లు మ్యాప్‌లో రంగు వేయని చోటును వదిలేసి వెళ్లిపోతారు.

మెట్టు 7: సరిచూసుకోవడం, లెక్కకట్టడం

మబ్బు విడిచిన మొదటి రోజున సెంటినెల్-2 మామూలు చిత్రం దొరికితే పక్కన పెట్టి పోల్చండి. రెండింటి మధ్య రోజులు గడిస్తే నీరు తీసి ఉంటుంది, ఆ తేడాను తప్పుగా లెక్కించవద్దు. అలాగే ఉపగ్రహం చూసిన గంటే వరద ఉచ్ఛస్థాయి కానక్కర్లేదు. బేరా ఉదాహరణలోనే చూడండి, తుపాను 14 రాత్రి వచ్చింది, చిత్రం 19వ తేదీది. మీ మ్యాప్ ఆ గంట ముంపును చూపుతుంది, మొత్తం వరదను కాదు.

విస్తీర్ణం లెక్క సులభం. 10 మీటర్ల పిక్సెల్ అంటే 100 చదరపు మీటర్లు, 10,000 పిక్సెళ్లు ఒక చదరపు కిలోమీటరు. డిగ్రీల ప్రొజెక్షన్‌లో ఉన్న చిత్రం మీద ఈ లెక్క చేయకూడదు, అక్కడ పిక్సెల్ వైశాల్యం చోటును బట్టి మారుతుంది. యూటీఎంలో చేసినదైతే ఇబ్బంది లేదు. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి రంగులు, సరిహద్దులు వేసుకోండి.

ఇదే దారిలో ఇంకొన్ని పనులు

అడవి నరికివేతకు ఒక ముందు, ఒక తర్వాత చాలదు. అదే దారి నుంచి ఏడాది పొడవునా తీసిన వీహెచ్ విలువలను వరసగా పేర్చి, ఏ తేదీన పడిపోయి అక్కడే ఉండిపోయాయో చూడాలి. వాన తడికి విలువ ఒకసారి ఎగిరి పడుతుంది, కాబట్టి ఒక్క తేదీని నమ్మవద్దు. వరసగా రెండు మూడు చిత్రాలు అదే చెప్పాలి. చెట్లు కొట్టి అక్కడే పడేస్తే కొన్ని వారాలు ప్రతిధ్వని పెద్దగా తగ్గకపోవచ్చు, సీ బ్యాండ్‌కు ఉన్న పెద్ద లోటు ఇది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం సెంటినెల్-1తో నడిపే రాడ్ హెచ్చరికలు ఉష్ణమండల అడవులకు ఉచితంగా దొరుకుతాయి, మీ ఫలితాన్ని వాటితో పోల్చుకోవచ్చు.

సముద్రంపై నూనె చిన్న అలలను అణిచేస్తుంది కాబట్టి నల్ల మరకగా కనిపిస్తుంది. వీవీ వాడండి. గాలి సెకనుకు సుమారు 3 నుంచి 10 మీటర్ల మధ్య ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. గాలి లేకపోతే సముద్రమంతా నల్లగా ఉంటుంది, మరీ ఎక్కువైతే నూనె కలిసిపోతుంది. నాచు, గాలి ఆడని చోట్లు కూడా అచ్చం అలాగే కనిపిస్తాయి. ఓడ తెల్ల చుక్కలా ఉండి, దాని వెనుక సన్నని నల్లగీత సాగితే అనుమానం బలపడుతుంది.

ధ్రువాల దగ్గర నెలల తరబడి సూర్యుడే ఉండడు. 2017 జూలైలో అంటార్కిటికాలో లార్సెన్ సీ మంచుఫలకం నుంచి దాదాపు 5,800 చదరపు కిలోమీటర్ల ఏ-68 మంచుకొండ విడిపోయినప్పుడు అక్కడ ధ్రువరాత్రి. ఆ పగులు సాగడాన్ని నెలల తరబడి చూపినవి సెంటినెల్-1 చిత్రాలు.

కుంగే నేలకు, భూకంపానికి ఎస్‌ఎల్‌సీ ఫైళ్లు కావాలి. అక్కడ ప్రతిధ్వని బలం కాదు, తరంగపు దశ ముఖ్యం. రెండు తేదీల దశల తేడా తీస్తే రంగుల పట్టీలు వస్తాయి. సెంటినెల్-1లో ఒక పూర్తి పట్టీ అంటే ఉపగ్రహం వైపు 2.8 సెంటీమీటర్ల కదలిక, తరంగంలో సగం. 1992లో కాలిఫోర్నియా ల్యాండర్స్ భూకంపం తర్వాత ఈఆర్‌ఎస్-1 రాడార్ ఉపగ్రహం డేటాతో తీసిన ఇలాంటి చిత్రమే ఈ పద్ధతి శక్తిని లోకానికి చూపింది. మొదటిసారి చేసేవాళ్లు అలాస్కా శాటిలైట్ ఫెసిలిటీ నడిపే హైప్3 సేవలో జత చిత్రాలు ఇచ్చి ఫలితం తెప్పించుకోండి. గాలిలోని తేమ కూడా తరంగాన్ని ఆలస్యం చేసి లేని కుంగుదలను చూపుతుంది, కాబట్టి ఒక్క జతను చూసి ఊరు కుంగుతోందని ప్రకటించవద్దు. పచ్చదనం ఉన్నచోట సీ బ్యాండ్ దశ వారాల్లోనే చెదిరిపోతుంది.

ఈ లోటును తీర్చడానికే నిసార్ వచ్చింది. ఇస్రో, నాసా కలిసి తయారుచేసిన ఈ ఉపగ్రహం 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 మీద వెళ్లింది. 12 మీటర్ల గొడుగులాంటి ప్రతిఫలకంతో, నాసా ఎల్ బ్యాండ్, ఇస్రో ఎస్ బ్యాండ్ రెండూ ఒకే ఉపగ్రహంలో ఉన్నాయి. ఇది కూడా 12 రోజులకు ఒకసారి అదే దారికి వస్తుంది. చెట్ల కింది ముంపు, అడవి నరికివేత మీద పనిచేయాలనుకునేవాళ్లు సెంటినెల్-1తో చేయి తిరిగాక దీని ఎల్ బ్యాండ్ వైపు వెళ్లడం మంచిది.

పని ముగించే ముందు మ్యాప్ మూలలో ఇవి రాసి పెట్టండి: ఏ ఉపగ్రహం, రెండు తేదీలు, చూసిన గంట, రిలేటివ్ ఆర్బిట్ నంబర్, దిశ, ఏ ఫిల్టర్, ఏ ఎత్తుల మ్యాప్, వీవీ గీత ఎంత, తేడా గీత ఎంత, ఏ మేరను సమాచారం లేనిదిగా వదిలారు. మళ్లీ వరద వచ్చినప్పుడు ఆ సంఖ్యలు పట్టుకుని ఇంకొకరు కూర్చుంటే, కొత్త ముంపును పాతదానితో అదే కొలతలో పోల్చగలుగుతారు.